మంట తగ్గిందా

కడుపునొప్పి అన్న మాట ఆ పిల్ల నోట్లోంచి రాలేదు, షబీనా తనే అందించింది, అందించిన మాటనే పట్టుకుని నిన్న సాయంత్రం, అందరూ గట్టు మీద కూర్చుని బూట్లు విప్పుకుంటుంటే, "ఏమే అంకీ, కడుపునొప్పి తగ్గిందా?" అని అడిగింది, అదీ ఫోనులో తల పెట్టి. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి "తగ్గింది మేడం" అంది. ఎందుకు ఆగిందో తనకి తెలుసు, తెలిసీ ఎవరో పంపిన శుభ సాయంత్రం బొమ్మకి తిరిగి దణ్ణం బొమ్మ పంపింది. షబీనా డబ్బా కుదిపింది. అడుగున మేకుతో పొడిచిన బెజ్జాల్లోంచి ముగ్గుపిండి పురికొస వెంట సన్నగా రాలింది. వెనక్కి ఒక అడుగు, మళ్ళీ కుదుపు, వెనక్కి ఇంకో అడుగు. గీత గీసేవాళ్ళు వెనక్కే నడవాలి, ముందుకు నడిస్తే గీసినదాన్ని తామే తొక్కుతారు, ఇది చిన్నప్పుడు బళ్ళో శివరామయ్య సార్ నేర్పింది. ఆరు దాటి పది నిమిషాలైంది. నవంబరు మంచుకి గడ్డి ఇంకా తడిగానే ఉంది. ఏడున్నరకల్లా టీము కాగితం బల్ల దగ్గర ఇచ్చేయాలి, ఎనిమిదిన్నరకి ఫుట్‌బాల్ ఆట. కాగితం ట్రాక్ ప్యాంటు జేబులో నాలుగు మడతలుగా ఉంది, నడిచినప్పుడల్లా తొడకి గుచ్చుకుంటోంది. పద్దెనిమిది వరసల్లో పదిహేడు నిండాయి. ఎనిమిదో వరస ఖాళీ.

ఎనిమిదో నంబరు అంకమ్మది. రాష్ట్ర జట్టుకి అమ్మాయిల్ని ఏరటానికి నరసరావుపేట వచ్చిన ఇద్దరూ నిన్ననే లాడ్జిలో దిగారు, దిగీ దిగగానే ఫోను చేసి, "ఆ కారంపూడి అమ్మాయి ఆడుతుందిగా షబీనా గారూ?" అన్నారు. గారూ. తొమ్మిదేళ్ళ కోచ్ పనిలో వాళ్ళు తనని గారూ అనటం ఇదే మొదలు. తొమ్మిదేళ్ళలో తన చేతి కింద నుంచి ఒక్క పిల్ల రాష్ట్ర జట్టు దాకా పోలేదు. ఇద్దరి పేర్లు అదనపు జాబితాలో పడ్డాయి, రెండుసార్లూ మిఠాయి పంచాక మళ్ళీ ఫోను రాలేదు. అంకమ్మ అలా కాదు. బంతి కాలి దగ్గరికి రాకముందే అది తర్వాత ఎటు పోవాలో మెడ తిప్పి చూసుకుంటుంది, ఇది నేర్పితే వచ్చేది కాదు, తను నేర్పలేదు కూడా. వాళ్ళ నాయన కౌలుకి మిరప వేస్తాడు, కిందటేడు ఒకసారి ఆట చూడటానికి వచ్చి గట్టు మీద నిలబడి, "ఏందమ్మా ఇది, మా పిల్లని పదిమంది తరుముతుంటే నువ్వు ఈల నోట్లో పెట్టుకుని చూస్తన్నావ్?" అని అరిచాడు, పిల్లలంతా వారం రోజులు అదే మాట అనుకుని నవ్వారు. వచ్చే ఏడాదికి అంకమ్మకి పదిహేడు దాటుతుంది. ఈ జట్టుకి ఎక్కాలంటే ఇవాళే.

పదకొండు రోజుల కిందట, అదిగో అక్కడ, ఆ గోలు స్తంభానికి ఇవతల పడింది. ఎవరూ తాకలేదు. ఎడమవైపు తిరగబోయి ఉన్నట్టుండి కూలబడి, వెంటనే లేచి తుంటి దులుపుకుంటూ నవ్వింది. ఒకరు తోస్తే పడటం వేరు, ఎవరూ తాకకుండా పడటం వేరు, ఆ తేడా తెలిసిన మనిషి ఆ మైదానంలో ఒక్కతే ఉంది, ఆ ఒక్కతే ఈల ఊది "ఆడండి ఆడండి" అంది. తర్వాత రెండు రోజులు ఆ పిల్ల రాలేదు. మూడో రోజు వచ్చి గోడ పక్కన నిలబడితే "ఏం, కడుపునొప్పా?" అని అడిగి, తనే దారి చూపించింది. ఆడపిల్లలకి కడుపునొప్పి అంటే ఎవరూ ఇంకో ప్రశ్న అడగరు. ఆ తర్వాత గ్యాలరీ మెట్లు దిగటం చూసింది: ఒక మెట్టు మీద రెండు పాదాలూ ఆన్చి, అప్పుడు ఇంకో మెట్టు. చూసి, నిలబడే పద్ధతేలే అనుకుంది. తన పిల్లలందరూ అలాగే నిలబడతారు కదా, కుడికాలు పక్కకి వదిలేసి, బరువంతా ఎడమకాలి మీద వేసి, నడుము మీద చెయ్యి. మేడం స్టైల్ అంటారు. కొత్తగా చేరిన ఆరో తరగతి పిల్లలు కూడా నెల తిరక్కుండా అలా నిలబడటం నేర్చేస్తారు. మొదట్లో ముచ్చటగా ఉండేది. తన కుడి మోకాలు బరువు మోయదు కాబట్టి తను అలా నిలబడుతుందని వాళ్ళకి తెలియదు. పద్దెనిమిదేళ్ళ నొప్పి, పిల్లలకి స్టైల్ అయింది. ఇందరు కుంటినట్టు నిలబడేవాళ్ళ మధ్య నిజంగా కుంటే పిల్లని ఎలా పోల్చుకుంటాం అని తనకి తాను చెప్పుకోవటానికి బాగానే పనికొచ్చింది.

"ఏంది షబీనమ్మా, గీత అట్టా పాము పోయినట్టు పోతంది?"

గురవమ్మ. మైదానం ఊడ్చేదీ, బయటి ఊళ్ళ పిల్లలు రాత్రి పడుకునే గదుల తాళాలు ఉంచుకునేదీ ఆవిడే. చీపురు చంకలో పెట్టుకుని, టీ గ్లాసు కొంగుతో పట్టుకుని వస్తోంది.

"తాడు జారింది గురవమ్మా."

"తాడు జారలా, నీ బుర్ర జారింది. నువ్వు నిన్నటి నుంచీ మడిసివి కావు. టీ తాగు ముందు."

టీ తాగింది. అల్లం ఎక్కువైంది, నాలిక చురుక్కుమంది, చురుక్కుమనగానే తను పుట్టిన పిడుగురాళ్ళ. పిడుగురాళ్ళలో పొద్దున్నే గొంతులో ఇలాగే ఉండేది, బట్టీల పొగా సున్నం దుమ్మూ కలిసి, ఉమ్మితే తెల్లగా. అబ్బాజాన్ లారీ కమాన్ పట్టీలు బిగించే షెడ్డులో ప్రతి పానా మీదా తెల్లపొడి, అమ్మీ ఆరేసిన దుపట్టాల మీద తెల్లపొడి, ఊళ్ళో మనుషుల కనురెప్పల మీద తెల్లపొడి. సున్నంలో పుట్టి పెరిగినవాళ్ళకి సున్నమంటే భయం ఉండదు. పద్దెనిమిదేళ్ళ కిందట ఆ రోజు గీతలు గీయటానికి ముగ్గుపిండి అయిపోతే, మైదానం పక్క బట్టీ వాళ్ళు ఒక బస్తా ఊరికే ఇచ్చారు. బట్టీలోంచి తీసి పొడి కొట్టింది, నీళ్ళు చల్లి విరవనిది, తడి తగిలితే కాలే పచ్చి సున్నం. సార్ గుప్పెట్లోకి తీసుకుని చూసి, "సున్నం సున్నమే గదా" అన్నాడు. బయటి ఊరి వాడైతే నలుగుర్ని అడిగి ఉండేవాడు. ఇక్కడ అడగటానికి ఏముంది, అందరికీ తెలిసిన సున్నమే. ఆట మధ్యలో చినుకులు పడ్డాయి. గీతలు చిన్నగా సుయ్‌మన్నాయి, ఒకచోట ఆవిరి కూడా లేచింది, గోల్‌కీపర్ పిల్ల చూసి నవ్వింది, పొయ్యి మీద గీత గీశారే అని. తనకప్పుడు పద్దెనిమిది. బంతి గీత దాటబోతోంది, దాటనివ్వకుండా కుడికాలు చాచి నేల మీద జారింది. బంతి దొరికింది. కాలు మొదట చల్లగా, తర్వాత వెచ్చగా, ఆ తర్వాత, ఆ తర్వాతది గుర్తు తెచ్చుకోవటానికి మాట చాలదు. ఎవరో చెంబెడు నీళ్ళు పోశారు, పోయగానే ఇంకా మండింది. బట్టీలో పనిచేసే ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి, వాళ్ళలో ఒకామె "దులపండే, ముందు దులపండే" అని తిడుతూ కొంగుతో పొడంతా దులిపి, అప్పుడు బిందెలకి బిందెలు దిమ్మరించింది. మోకాలి కింద నుంచి పిక్క దాకా తోలు లేదు.

కానీ అది కాదు. అందరూ చూసింది అదే, అసలుది అది కాదు. జారినప్పుడు మోకాలి లోపల ఒక చప్పుడైంది. ఎండుపుల్ల విరిగినంత చిన్న చప్పుడు. బయట తోలు మండుతుంటే లోపలి చప్పుడు ఎవరికి వినపడుతుంది, తనకి తప్ప. పదహారు రోజుల్లో విజయవాడలో రాష్ట్ర జట్టు సెలక్షన్. శివరామయ్య సార్ రోజూ సాయంత్రం సైకిలు మీద వచ్చేవాడు, షెడ్డు బయట పాత టైరు మీద కూర్చుని, కొబ్బరి నూనెలో కలిపిన మందేదో డబ్బీలో తెచ్చి అమ్మీ చేతికిచ్చి, "మంట తగ్గిందా అమ్మాయ్?" అనేవాడు. "తగ్గింది సార్." అబద్ధం కాదు, మంట తగ్గింది నిజంగానే. మర్నాడు మళ్ళీ, "మంట తగ్గిందా?" "తగ్గింది సార్." పదహారు రోజులూ ఆయన మంట గురించే అడిగాడు, తను మంట గురించే చెప్పింది, ఇద్దరి మధ్యా మోకాలు మాట్లాడకుండా కూర్చుంది. విజయవాడలో ఇరవై మూడో నిమిషంలో తను తిరిగింది, మోకాలు తిరగలేదు. అంతే, ఆట అయిపోయింది. ఇరవై మూడు నిమిషాలు మాత్రం బాగా ఆడింది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోదు గానీ, చాలా బాగా ఆడింది.

తర్వాత అందరికీ ఒకే కథ చెప్పింది. అబ్బాజాన్‌కి, ఆపరేషన్ చేయలేమన్న డాక్టరుకి, కోచ్ ఉద్యోగం ఇంటర్వ్యూలో బల్ల అవతల కూర్చున్న ముగ్గురికీ, ఏటా కొత్తగా వచ్చే పిల్లలకీ. సార్‌కి తెలియదు, నేనే దాచాను. పిల్లలకి చెప్పేటప్పుడు చివర "అందుకే మీరు నా దగ్గర ఏదీ దాచొద్దు" అని కలుపుతుంది. మంచి కథ. అందులో ఎవరి తప్పూ లేదు, ఉంటే తనది, తన తప్పు తను మోయటంలో ఒక గౌరవం కూడా ఉంది. పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు. వాళ్ళలో అంకమ్మ కూడా ఉంది, వింది. విని ఏం నేర్చుకుంది? దాచొచ్చని నేర్చుకుంది. దాస్తే పెద్దవాళ్ళకి తెలియదని నేర్చుకుంది. దాచిన మనిషి తర్వాత మెళ్ళో ఈల వేసుకుని ఇంత హుందాగా నిలబడుతుందని కూడా నేర్చుకుని ఉంటుంది.

గురవమ్మ గ్లాసు తీసుకుని, పోతూ పోతూ వెనక్కి తిరిగింది. "ఆ కారంపూడి పిల్లకి మెట్లెక్కే పని లేకుండా కింద గది ఇప్పించి మంచి పని చేశావమ్మా. పొద్దున్నే లెగిసి గోడ పట్టుకుని నడుస్తంది. కాలికి ఏందే అంటే కడుపునొప్పి అంటది! నాకేం తెలవదనుకుందేమో, ముగ్గుర్ని కన్నా, నాకు చెప్పుద్ది కడుపునొప్పి సంగతి." నవ్వుకుంటూ పోయింది.

కింద గది. షబీనా చేతిలో డబ్బా కుదపటం మరిచి అలాగే నిలబడింది, పిండి ఒకేచోట కుప్పగా రాలుతోంది. కింద గది తనే అడిగింది. మొన్న గదులు పంచేటప్పుడు, "అంకీకి కింద గది ఇవ్వు గురవమ్మా, బాత్రూం దగ్గర ఉంటుంది" అంది, ఏమీ ఆలోచించకుండా అంది, చెయ్యి తగిలి గ్లాసు పడబోతుంటే మరో చెయ్యి పట్టుకున్నంత తేలిగ్గా. తెలియని మనిషి కింద గది అడగదు. తెలియని మనిషి. ఇప్పుడు బస్సు గుర్తొస్తోంది, విజయవాడ బస్సు, ఎప్పుడూ గుర్తు రానిది, కాదు, ఎప్పుడూ గుర్తుంటూనే ఉన్నది. పిల్లలంతా ఎక్కుతున్నారు, తను వెనక నిలబడింది, కిటికీ సీటు కోసం అరుపులు, అప్పటికే సార్ డ్రైవరు పక్కన, ఇంజను ఎదురుగా ఉన్న సీటు మీద తన తువ్వాలు వేసి ఉంచాడు. "నువ్విక్కడ కూర్చో అమ్మాయ్" అన్నాడు. ఆ బస్సు మొత్తంలో కాలు బారుగా చాపుకునే చోటు అదొక్కటే. తను అడగలేదు. ఆయన కాలు వైపు చూడలేదు. సత్తెనపల్లి దాటేదాకా తల తిప్పకుండా రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆయనకి తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. ఎందుకు దాచాడంటే, ఎందుకని ఏముంది, ఆయన బళ్ళో ఇరవై ఏళ్ళు పీటీ సారు, ఇరవై ఏళ్ళలో ఒక్క పిల్లా రాష్ట్ర జట్టు దాకా పోలేదు, పోగలిగే మొదటిది తను. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఎంత తేలిగ్గా ఉండేది. తర్వాత కోచ్ కోర్సు కాగితాలు తనే నింపాడు, "నీకు ఆట చూసే కన్నుంది" అని చెప్పి చెప్పి అబ్బాజాన్‌ని ఒప్పించాడు, సొంత కూతురికి చేసినట్టు చేశాడు. ఏటా రంజాన్‌కి సత్తెనపల్లిలో వాళ్ళింటికి షీర్ ఖుర్మా తీసుకుపోతుంది. గిన్నె ఖాళీ చేస్తూ అన్నీ అడుగుతాడు, అమ్మీ ఆరోగ్యం, కొత్త కలెక్టరు, మైదానానికి ఫ్లడ్‌లైట్లు ఎప్పుడొస్తాయి. తను కుర్చీలోంచి లేచేటప్పుడు మాత్రం, చేతులాన్చి, ఎడమకాలు ముందు పెట్టి, మెల్లగా లేచేటప్పుడు, ఆయన గోడ మీద క్యాలెండరు చూస్తాడు. ఏటా అంతే. తను చప్పుడు కాకుండా లేవటానికి ఏటా ప్రయత్నిస్తుంది. ఒకరినొకరు కాపాడుకుంటున్నాం అనుకుంది ఇన్నాళ్ళూ. అది కాపాడుకోవటం కాదు, ఆ పాత టైరు దగ్గరే ఇద్దరూ ఇంకా కూర్చుని ఉండటం.

ఆరూ ముప్పావు. సెంటర్ సర్కిల్ మిగిలింది. మధ్యలో మేకు కొట్టి, తాడు బిగువుగా పట్టుకుని, చుట్టూ తిరిగింది. ఎనిమిదో వరసలో ఉజ్మా పేరు రాయటం నిమిషం పని. ఉజ్మా బాగా పరిగెత్తుతుంది, తిరగదు, సరే. ఆ సంగతి నిజానికి పొద్దున లేస్తూనే తేలిపోయింది, అంకమ్మ ఇవాళ ఆడదు. తేలనిది అది కాదు, ఆ పిల్లకి ఏం చెప్పాలన్నది. రెండు రోజులు ప్రాక్టీసుకి రాలేదు కాబట్టి తీసేశాను అని చెప్పొచ్చు, క్రమశిక్షణ అనొచ్చు, ఆ పిల్ల ఏడుస్తుంది, తిట్టుకుంటుంది, వచ్చే నెల మాచర్లలో ఎవరో పెట్టే పోటీకి వేరే జట్టులో పేరు రాయించుకుని అదే మోకాలితో దిగుతుంది. అక్కడ తిరుగుతుంది, మోకాలు తిరగదు. అప్పుడు తనేం చేస్తుంది, కోచ్ కోర్సు కాగితాలు నింపి పెడుతుందా? పోనీ నేరుగా అడిగితే? అంకీ, మోకాలు నొప్పిగా ఉందా? లేదు మేడం అంటుంది, కళ్ళలోకి చూసి అంటుంది. తనైతే అనదూ? ఆ పదహారు రోజుల్లో సార్ సూటిగా అడిగి ఉంటే తను చెప్పేదా? షబీనా తాడు పట్టుకుని ఆగింది. చెప్పేది కాదు. ఇన్నేళ్ళుగా ఆయన అడగలేదనే లోపల ఒక ముల్లు. అడిగినా చెప్పేది కాదు. మరి ఎవరు ఏం చేస్తే చెప్పేది? అమ్మీ ఏడిస్తేనా, కాదు. డాక్టరు భయపెడితేనా, కాదు. పాడైన మోకాలు ఎలా ఉంటుందో ఒక్కసారి ఎవరైనా కళ్ళ ముందు పెట్టి ఉంటే? మాటలు కాదు. కథ అసలే కాదు.

ఈ మోకాలు చూసినవాళ్ళెవరు? అమ్మీ. ఇద్దరు డాక్టర్లు. అంతే. మే నెల ఎండలో కూడా తను చీలమండల దాకా ట్రాక్ ప్యాంటే, పిల్లలు వెనక అనుకుంటారు, మేడం కాళ్ళు కూలర్‌లో పెట్టి తెచ్చుకుంటుందే అని. పిల్లల ముందు ఎప్పుడూ నేల మీద కూర్చోదు, కూర్చుంటే లేవటం చూడాల్సి వస్తుంది కాబట్టి. నమాజు కూడా కుర్చీ మీదే, "ముసలోళ్ళం మేం వంగుతున్నాం, నీకేమైందే" అని పక్కింటి ఖాలా అంటే అమ్మీయే ఏదో సర్దిచెప్పింది. సిగ్గు మచ్చ గురించి కాదు. మచ్చ చూపించొచ్చు, మచ్చ మైదానంలో తగిలింది, అందులో పరువుంది. సిగ్గు దానిపైనున్న మోకాలి గురించి, ఇద్దరికీ తెలిసీ ఆడించిన మోకాలి గురించి.

గుండ్రం పూర్తయింది, మొదలూ చివరా జానెడు తేడాతో కలిశాయి. గదుల వైపు నుంచి అంకమ్మ వస్తోంది, నాలుగు కార్నర్ జెండాలు భుజాన వేసుకుని, ఇప్పటికే ఎనిమిదో నంబరు జెర్సీ తొడుక్కుని. గీత దగ్గరికి రాగానే ఆగి, గీత మీద అడుగు పడకుండా ఎడమకాలు ముందు దాటించి, కుడికాలిని దాని వెనకే తెచ్చుకుంది. వచ్చి నిలబడింది, మేడం స్టైల్‌లో.

"జెండాలు పాతమంటారా మేడం?"

"కింద పెట్టు."

"కాగితం ఇచ్చేశారా మేడం? సెలక్టర్లు టిఫిన్ చేస్తన్నారంట, జాస్మిన్ చూసిందంట, ఒకాయన నాలుగు గారెలు తిన్నాడంట." నవ్వబోయి ఆగింది. "నా కడుపునొప్పి పూర్తిగా తగ్గింది మేడం. నిజంగా."

షబీనా డబ్బా పక్కన పెట్టింది. ఎడమ చేతిని నేలకి ఆన్చి, కుడికాలు బారుగా చాపి, సెంటర్ సర్కిల్ మధ్యలో మేకు పక్కన మెల్లగా కూర్చుంది. తడి గడ్డి చల్లగా తగిలింది. మేడం కింద కూర్చోవటం ఎన్నడూ చూడని అంకమ్మ కంగారుపడి చెయ్యి అందించబోయింది.

"నువ్వూ కూర్చో అంకీ."

చీలమండ దగ్గర జిప్పు పట్టేసింది, ఎప్పుడూ తీయని జిప్పు. రెండు చేతులతో గుంజితే వచ్చింది. పిండి అంటిన వేళ్ళతో షబీనా ప్యాంటు అంచు పట్టుకుని ఒక మడత పైకి మడిచింది, తర్వాత ఇంకొకటి. పిక్క మీద మచ్చ బయటపడింది, తెల్లగా, ముడతలుగా. అంకమ్మ నోరు తెరిచి ఏదో అనబోయింది. షబీనా ఆగలేదు, ఇంకో మడత వేసి, మోకాలు మొత్తం పైకి వచ్చేదాకా లాగింది.